రేణు వెతుక్కున్న మంచు ఊరు

కొత్తగూడెంలో పుట్టినవాళ్ళకి ఎండ కొత్త కాదు. అయినా రేణుకి మాత్రం చిన్నప్పటినుంచీ దానితో పడేది కాదు. వాళ్ళ నాన్న వీరభద్రం గారు సింగరేణిలో ఎలక్ట్రీషియన్. మే నెల మధ్యాహ్నం కంపెనీ క్వార్టర్స్ గచ్చు మీద గుడ్డు పగలగొడితే ఆమ్లెట్ అవుతుందా అవదా అని ఆ వీధి పిల్లలు పందేలు కాసుకునేవాళ్ళు. రేణు ఆ పందేల్లో ఉండేది కాదు. సైకిలేసుకుని బస్టాండు వెనక ఐసు ఫ్యాక్టరీకి పోయేది. ఊకలో కప్పిపెట్టిన ఐసు దిమ్మల పక్కన, తడిగోడకి వీపు ఆనించి, వాచ్‌మన్ కసిరేదాకా కూర్చునేది.

"ఈ పిల్లని మంచుకొండల్లోకే ఇయ్యాలె" అని వాళ్ళమ్మ విసుక్కునేది.

మంచుకొండల్లోకి కాదు గానీ, 2003లో రేణు జెర్సీ సిటీకి వచ్చింది. ఫిజియోథెరపీ చదివింది కాబట్టి ఒక రీహాబ్ సెంటర్‌లో ఉద్యోగం దొరికింది. డిసెంబరు మొదటివారంలో ఒకరోజు పొద్దున్నే కిటికీ తెరిస్తే వీధంతా తెల్లగా ఉంది. రేణు పళ్ళు కూడా తోముకోకుండా కిందికి పరిగెత్తి, పేవ్‌మెంట్ మీద నోరు తెరుచుకుని నిలబడింది. నాలుక మీద నాలుగు రేకులు పడ్డాయి. జన్మ ధన్యమైందనుకుంది.

సాయంత్రం డ్యూటీ దిగి వచ్చేసరికి ఆ తెలుపంతా ఎటు పోయిందో, రోడ్డు పక్కన బొగ్గుపొడి కలిపిన జావ లాంటిదేదో మిగిలింది. రోడ్డు దాటబోయి కాలేసింది. చీలమండ దాకా దిగబడింది.

"ఛీ! ఇదేనా మంచంటే!" అంది గట్టిగా, తెలుగులోనే.

"నాలుగేళ్ళ కింద నేనూ అదే మాట అన్నానండీ" అని వెనకనుంచి ఒక గొంతు.

ఆ గొంతు దామోదర్‌ది. తెనాలి వాడు. రోజూ రైల్లో మన్‌హాటన్ వెళ్ళి ఒక కంపెనీలో డేటాబేస్‌లు చూసుకుంటాడు. చెయ్యందించి ఆమెని గట్టుమీదికి లాగాడు. తర్వాతి కథ జెర్సీ సిటీలో అందరికీ తెలిసిందే. మరుసటి ఏడే పెళ్ళి, ఆ పై ఏడు కూతురు దేదీప్య.

దామోదర్ మంచి మనిషి. ఒక్క మంచు విషయంలోనే ఇద్దరికీ కుదిరేది కాదు. అతని దృష్టిలో మంచంటే పొద్దున్నే కారుమీంచి గీకాల్సిన చెత్త. అందుకే 2008లో కంపెనీ నార్త్ కరోలినాలో ఆఫీసు తెరిచి, మోరిస్‌విల్ వెళ్తారా అంటే ఎగిరి గంతేశాడు. వెచ్చటి ఊరు, పది నిమిషాల్లో ఇండియన్ స్టోర్, వారం వారం ఎవరో ఒకరింట్లో తలా ఒక వంట తెచ్చుకుని పాట్‌లక్. ఇంకేం కావాలి?

మోరిస్‌విల్‌లో ఏడాదికి ఒకసారి మంచు పడేది. పడుతుందని టీవీలో చెప్పగానే దుకాణాల్లో పాలూ బ్రెడ్డూ మాయమైపోయేవి. బడులు మూసేసేవాళ్ళు. తీరా చూస్తే అరంగుళం. రేణు, దేదీప్య తెల్లారకముందే పెరట్లోకి పోయి ఉన్నదంతా ఊడ్చి ఒక బొమ్మ చేసేవాళ్ళు. మోకాలెత్తుండేది. సగం గడ్డి, సగం ఎండుటాకులు. పన్నెండింటికల్లా నీరుగారిపోయేది. ఆ తడిచోటు చూస్తూ రేణు కాఫీ తాగేది.

2012 జనవరిలో గ్రీన్ కార్డులు వచ్చాయి. తొమ్మిదేళ్ళ ఎదురుచూపు. ఆ శనివారం పక్కింటి భావన ఇడ్లీలు చేసి పట్టుకొచ్చింది. "ఇంక పెద్ద ఇల్లు కొంటారా?" అని అడిగింది. అప్పట్లో గ్రీన్ కార్డు వచ్చినవాళ్ళంతా చేసే పని అదే.

రేణు ఇడ్లీ తుంచుతూ అంది. "లేదు. మంచుకొండలున్న ఊళ్ళో ఉందామనుకుంటున్నాం."

దామోదర్ తలెత్తాడు. ఆ 'అనుకుంటున్నాం'లో తను ఉన్నట్టు అప్పుడే తెలిసింది. "సరే, ఎన్ని రోజులు?"

"ఉందాం అంటే ఉండిపోదాం, దామూ."

భావన ముక్కున వేలేసుకుంది. దామోదర్ డేటాబేస్ మనిషి. కాదనడం అతని పద్ధతి కాదు. కండిషన్లు పెట్టడం పద్ధతి. మర్నాడు పొద్దున ఫ్రిజ్ మీద ఒక కాగితం వేలాడుతోంది. ఒకటి, ఆస్పత్రి ఉండాలి, అందులో రేణుకి ఉద్యోగం ఉండాలి. రెండు, ఇంటినుంచి పనిచేసుకునేందుకు తనకి ఇంటర్నెట్ సరిగ్గా ఉండాలి. మూడు, దేదీప్యకి మంచి స్కూల్. నాలుగు, గంట ప్రయాణంలో ఇండియన్ స్టోర్.

మొదటి మూడూ కష్టం కాదు. నాలుగోది చదివి రేణు నవ్వింది. మొగుడి తెలివి ఎక్కడ దాక్కుందో ఆమెకి తెలిసిపోయింది. మంచుకొండల మీద కరివేపాకు ఎవడమ్ముతాడు?

"ఒప్పుకున్నా" అంది.

మోరిస్‌విల్ బడుల్లో ఏడాది పొడుగునా చదువు, మధ్యమధ్య మూడేసి వారాల సెలవులు. మార్చిలో అలాంటి సెలవులొస్తే ముగ్గురూ కారేసుకుని వెర్మాంట్ బయల్దేరారు. పద్నాలుగు గంటల డ్రైవ్. రేణు కొత్త బూట్లు, ఉన్ని టోపీలు, మూడు జతల చేతి తొడుగులు కొంది. ఆ ఏడు ఏం పుట్టిందో, సరిగ్గా ఆ వారమే వెర్మాంట్‌లో ఎండలు విరగకాశాయి. జనం చొక్కాలు విప్పేసి వీధుల్లో ఐస్‌క్రీములు తింటున్నారు. స్కీ కొండ గోధుమరంగులో, మధ్యలో ఒక తెల్లటి చారతో, సరిగ్గా ఆరని పంచెలా ఉంది.

ఇల్లొకటి చూద్దామని ఊరి బయటికి పోతే మట్టిరోడ్డులో కారు దిగబడింది. దేదీప్య అద్దంలోంచి చూసి, "మమ్మీ, వేర్ ఈజ్ ద స్నో? ఇక్కడ అంతా మడ్ ఉంది" అంది. ఒక రైతు ట్రాక్టర్‌తో లాగి, "మా దగ్గర మంచుకాలం తర్వాత వచ్చేది బురదకాలం. మీరు దానికోసం వచ్చిన మొదటి టూరిస్టులు" అని టోపీ ఎత్తి వెళ్ళిపోయాడు.

దామోదర్ తిరుగుప్రయాణంలో పద్నాలుగు గంటలూ ఈల వేస్తూనే డ్రైవ్ చేశాడు.

రేణు పట్టు విడవలేదు. ఎత్తు తక్కువ కాబట్టే ఇలా అయిందని లెక్కగట్టి, డిసెంబరులో కొలరాడోలోని లెడ్‌విల్‌కి టికెట్లు బుక్ చేసింది. పదివేల అడుగుల పైమాట. ఈసారి మంచుకేం లోటు లేదు. పాత ఇటుక మేడలు, వాటి వెనక తెల్లటి శిఖరాలు, ఆ పైన ఇంకు పోసినట్టున్న ఆకాశం. రేణు ఆ వీధిలో ఈ చివరినుంచి ఆ చివరికి మూడుసార్లు నడిచింది. ఒక ఇంటి ముందు ఆగి, కర్టెన్లు ఏ రంగువి వెయ్యాలో కూడా అనుకుంది.

మర్నాటికి దామోదర్ మంచం దిగలేదు.

"తలలో రోకలి పెట్టి దంచుతున్నట్టుంది రేణూ."

తిన్నది కడుపులో నిలవలేదు. దేదీప్యకి ముక్కులోంచి రక్తం. డాక్టరు చూసి, ఎత్తు పడలేదు, కిందికి దిగిపోండి, అదే మందు అన్నాడు. దిగారు. ఒక్కో వెయ్యి అడుగులు దిగుతుంటే దామోదర్ ముఖంలోకి ఒక్కో రంగు తిరిగొచ్చింది. డెన్వర్ చేరేసరికి ప్లేటు బిర్యానీ ఒక్కడే తిని, రెండోది చెప్పాడు.

"ఊరు చాలా బావుంది" అన్నాడు లెగ్‌పీస్ అందుకుంటూ. "కానీ నేను పోయాక అంత మంచు నువ్వొక్కదానివే ఏం చేసుకుంటావ్?"

రేణుకి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ రాత్రి మోటెల్ గదిలో ఇంక చాల్లే అనుకుంది కూడా. ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చే సరదా సరదా కాదు. మోరిస్‌విల్ తిరిగొచ్చాక రెండు నెలలు ఆ మాటే ఎత్తలేదు.

ఎత్తింది దామోదరే. ఫిబ్రవరిలో ఒకరోజు, "ఐడహోలో ఒక స్కీ ఊరుందట, ఎత్తు ఆరువేలేనట. చూస్తావా?" అన్నాడు. భార్య మౌనం అతనికి లెడ్‌విల్ తలనొప్పి కంటే కష్టంగా ఉంది. ఐడహో అంటే రేణుకి బంగాళాదుంపలే తెలుసు. సరే అంది.

బోయిసీలో విమానం దిగి కారు అద్దెకి తీసుకున్నారు. ఆ పేరుమోసిన స్కీ ఊరికి కొండల్లోంచి ఒక దారుంది, అందంగా ఉంటుందంటే అటు తిరిగారు. మూడు గంటలు పోయాక మంచు మొదలైంది. ఇంకాసేపటికి ముందు కారు ఎర్రలైటు తప్ప ఏమీ కనబడలేదు. ఒకచోట పోలీసు కారు అడ్డంగా ఉంది. ముందు కొండమీది మంచు విరిగి రోడ్డు మీద పడిందన్నాడు అందులోని పోలీసాయన. వెనక్కి పోదామంటే అరగంట కింద అటూ పడిందన్నాడు.

"మరి మేం ఎక్కడుండాలి?" అంది రేణు.

"ఇక్కడే. ఈ ఊరి పేరు కార్వర్" అన్నాడు పోలీసాయన. పరిచయం చేస్తున్నట్టు చెయ్యి చాచి చూపించాడు. చూపించినవైపు తెల్లటి గాలి తప్ప ఏమీ లేదు.

ఉన్నది ఒకటే మోటెల్, పన్నెండు గదులు. కౌంటర్ వెనక ఆవిడ పేరు మార్లీన్, అరవైఎనిమిదేళ్ళుంటాయి. గది తాళం తేవడానికి ఆమె నాలుగడుగులు వేసింది. ఆ నాలుగడుగుల్లోనే రేణు సంగతి పట్టేసింది.

"కుడి మోకాలు మార్పించుకుని ఎన్ని వారాలైంది?"

మార్లీన్ ఆగిపోయింది. "ఏడు. నువ్వెలా చెప్పావ్?"

"నా పనే అది. వ్యాయామం మానేశారు కదూ?"

మానేసింది. చేయించేవాళ్ళు లేరు. ఊళ్ళో చిన్న క్లినిక్ ఉంది గానీ, అందులో ఫిజియోథెరపిస్ట్ వెళ్ళిపోయి పద్నాలుగు నెలలైంది. ఇంకొకరు రాలేదు. వారానికి రెండుసార్లు కొండ దాటి డెబ్బై మైళ్ళు పోవాలి. దారి తెరిచి ఉంటే కదా పోవడానికి. డాక్టరు రాసిచ్చిన కాగితం కౌంటర్ వెనక గోడకి గుచ్చి ఉంది, దానిమీద కాఫీ మరకలు.

"ఈ రాష్ట్రంలో నాకు లైసెన్స్ లేదు, కాబట్టి వైద్యం చెయ్యను" అంది రేణు. "కానీ ఆ కాగితంలో ఉన్నవి మీరు చేస్తుంటే పక్కన కూర్చుని కబుర్లు చెబుతాను. అభ్యంతరమా?"

అభ్యంతరమేముంది? దారి నాలుగు రోజులు మూసే ఉంది. పొద్దునా సాయంత్రం లాబీలో మార్లీన్ మోకాలు వంచడం, రేణు ఎదురుగా కుర్చీలో కూర్చుని కొత్తగూడెం కబుర్లు చెప్పడం. నొప్పి పుట్టినప్పుడల్లా మార్లీన్ బూతులు తిట్టేది, తిట్టి సారీ చెప్పేది. "సారీ తర్వాత, ఇంకో ఐదుసార్లు ముందు" అనేది రేణు. మూడోరోజుకి లాబీలో ఇంకో నలుగురు చేరారు. ఒకడు భుజం పట్టుకుని, ఒకామె నడుం పట్టుకుని. "ఊరికే, కాఫీకొచ్చాం" అన్నారు. నాలుగోరోజు క్లినిక్ మేనేజర్ స్వయంగా వచ్చాడు. ఆయనా కాఫీకే అన్నాడు. వెళ్ళేటప్పుడు మాత్రం ఉద్యోగం దరఖాస్తు టేబుల్ మీద పెట్టి వెళ్ళాడు.

ఈలోగా శుక్రవారం వచ్చింది. ఆ ఊరి బడిలో చలికాలం శుక్రవారం మధ్యాహ్నాలు పాఠాలుండవు, పిల్లలందరినీ కొండమీదికి స్కీయింగ్‌కి తీసుకుపోతారు. దారి మూసుకుపోయి ఇరుక్కున్న పిల్లలు కూడా రావచ్చన్నారు టీచర్లు. దేదీప్య వెళ్ళి, సాయంత్రం ఎర్రగా కందిన బుగ్గలతో తిరిగొచ్చింది.

"డాడీ! ఫ్రైడే వీళ్ళకి స్కూల్ కాదు, స్కీయింగ్! నేను ఫైవ్ టైమ్స్ పడ్డాను! మనం ఇక్కడే ఉంటాం, ఓకే?"

దామోదర్ మోటెల్ గదిలో లాప్‌టాప్ ముందున్నాడు. మూడురోజులుగా ఆఫీసు పని అక్కడినుంచే చేస్తున్నాడు. నెట్ మోరిస్‌విల్‌లోలా పరిగెత్తడం లేదు గానీ, పాకడమూ లేదు. అతను ఒప్పుకోకపోయినా ఆ కాగితంలో మూడు టిక్కులు పడిపోయాయి.

"నాలుగోది?" అన్నాడు.

"బోయిసీలో ఉంది స్టోర్" అంది రేణు.

"మూడు గంటల ఇరవై నిమిషాలు. నేను చూశా. సరే, ఇంకోటి చెప్పు. ఈ ఊళ్ళో మనవాళ్ళెంతమంది?"

"ముగ్గురు."

"ఎవరు?"

"నువ్వు, నేను, దేదీప్య."

దామోదర్ లాప్‌టాప్ మూసి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు తెల్లవారుజామున మార్లీన్ తమ్ముడు ఆర్ట్ వచ్చాడు. అరవైఐదుంటాయి. ఒకప్పుడు చెట్లు కొట్టించే పని. ఇప్పుడు రిటైరయ్యి, ఊరి బయట స్కీ దారులు చదును చేసే యంత్రం తోలుతాడు. జీతం లేదు, సరదాకే. "మీ ఆయన ముఖం వేలాడేసుకుని ఉన్నాడని మా అక్క చెప్పింది. తీసుకెళ్ళనా?" అన్నాడు. దామోదర్ మర్యాదకి కాదనలేక వెళ్ళాడు.

రెండు గంటల తర్వాత తిరిగొచ్చాడు. టోపీ కూడా తియ్యకుండా మంచం అంచున కూర్చున్నాడు.

"ఏమైంది? భయమేసిందా?"

"కాదు." బూట్లు విప్పి పక్కన పెట్టాడు. "వెనక్కి తిరిగి చూస్తే మేం వేసిన దారి ఒక్కటే ఉంది రేణూ. ఇంకొక్క గీత లేదు. అంత తెలుపు నేనెప్పుడూ చూళ్ళేదు. జెర్సీలో నువ్వు చూద్దామనుకుంది ఇదేనా?"

"ఇదే."

మోరిస్‌విల్ చేరాక ఫ్రిజ్ మీది కాగితంలో నాలుగో లైను కొట్టేసి ఉంది. గీత దామోదర్ పెన్నుదే.

రేణుకి ఐడహో లైసెన్స్ రావడానికి, దామోదర్ తన బాస్‌ని ఒప్పించడానికి, ఇల్లు అమ్మడానికి వేసవి దాకా పట్టింది. భావన వీడ్కోలు పార్టీ ఇచ్చి, రెండు కుండీల్లో కరివేపాకు మొక్కలు ఇచ్చింది. "ఆర్నెల్లలో తిరిగొస్తారు, చూస్తుండు" అంది కళ్ళు తుడుచుకుంటూ. దేశం ఈ కొసనుంచి ఆ కొసకి ఆ మొక్కలు వెనక సీట్లో, దేదీప్య పక్కన, సీట్ బెల్ట్ పెట్టుకుని ప్రయాణం చేశాయి.

ఆగస్టులో కార్వర్ చేరారు. ఊళ్ళో మంచు లేదు సరికదా, కొండలే లేవు. చుట్టుపక్కల అడవులు అంటుకుని ఊరంతా పొగ. మూడు వారాలు కిటికీలు తెరవలేదు. దామోదర్ ముక్కుకి గుడ్డ కట్టుకుని పెట్టెలు దించుతూ, "మంచుకొండలెక్కడ మేడమ్?" అని రోజుకోసారి అడిగాడు. సెప్టెంబరులో వాన పడి పొగ విడిపోయింది. ఆ పొద్దున వంటింటి కిటికీలోంచి కొండలు ఒక్కసారిగా కనబడితే రేణు పాలు పొంగించేసింది.

నవంబరు రెండోవారంలో మంచు మొదలైంది. మొదలైందంటే మరి ఆగలేదు. పైపులు గడ్డకట్టడమంటే ఏమిటో, ఇంటికప్పు మీది మంచు ఎప్పటికప్పుడు దించకపోతే ఏమవుతుందో, కారు గోతిలోకి జారితే ఎవరికి ఫోన్ చెయ్యాలో వరసగా తెలిశాయి. మూడింటికీ ఆర్ట్‌కే ఫోన్ చెయ్యాలి. రేణు క్లినిక్‌లో పని మాత్రం పండగలా సాగింది. ఏడాదిన్నర పైబడిన మోకాళ్ళు, నడుములు, భుజాలు క్యూ కట్టి ఉన్నాయి కదా. పేషెంట్లు వెళ్తూ వెళ్తూ ఇంటి గుడ్లో, జింక మాంసమో, చేత్తో అల్లిన టోపీయో కుర్చీలో పెట్టిపోయేవాళ్ళు.

జనవరిలో రేణుకి ధైర్యం ఎక్కువై స్కీయింగ్ నేర్చుకోవడానికి పోయింది. పసిపిల్లల వాలు అది. ఐదేళ్ళ పిల్ల ఒకతి పక్కనుంచి జుయ్యిమని పోతే, దానికేసి చూస్తూ రేణు పడింది. లేచేసరికి కుడి మణికట్టు పక్కకి తిరిగి ఉంది.

ఆరువారాలు సిమెంటు కట్టు. చేతులతో బతికే మనిషికి కుడిచెయ్యి లేకపోతే ఏముంటుంది? క్లినిక్‌లో ఇద్దరు అసిస్టెంట్లు చేతులుగా, తను నోరుగా సగం రోజు పనిచేసేది. ఇంట్లో వంట, అంట్లు, మంచు ఎత్తడం అన్నీ దామోదర్. రోజూ పొద్దున ఆఫీసు మీటింగ్‌కి ముందు రేణు వెనక కూర్చుని జడ వేసేవాడు. మొదటివారం ఆ జడ చూసి మార్లీన్ ఏమిటిది, తాడా అంది. మూడోవారానికి మూడు పాయలూ సమంగా వచ్చాయి.

ఫిబ్రవరిలో అసలు పరీక్ష వచ్చింది. మళ్ళీ కొండమీది మంచు విరిగిపడి తొమ్మిది రోజులు దారి మూశారు. అందులో రెండురోజులు కరెంటు లేదు. దామోదర్ ఆఫీసు మీటింగ్ మధ్యలో నెట్ పోయింది. దేదీప్యకి జ్వరం. రెండు కరివేపాకు మొక్కల్లో ఒకటి మాడిపోయినట్టు నల్లబడింది. రేణు బియ్యం డబ్బాలో ఎడమచెయ్యి పెడితే అడుగు తగిలింది. అక్కడే, వంటింటి నేలమీద కూలబడి ఏడ్చేసింది.

"నా పిచ్చికి మిమ్మల్నిద్దర్నీ తెచ్చి ఈ గుహలో పడేశాను దామూ. తప్పు చేశాను కదూ?"

నేను ముందే చెప్పానుగా అనే హక్కు దామోదర్‌కి నూటికి నూరుపాళ్ళూ ఉంది. అతను కట్టెలపొయ్యిలో ఇంకో కట్టె పెట్టి, పక్కనే నేలమీద కూర్చున్నాడు.

"బియ్యం అయిపోయాయి, నిజమే. పప్పుంది. కారం ఉంది. మూలన బస్తాడు బంగాళాదుంపలున్నాయి. ఐడహోలో అవి అయిపోయిన రోజు చెప్పు, ఇద్దరం కూర్చుని ఏడుద్దాం."

రేణు ఏడుస్తూనే నవ్వింది. గంటలో తలుపు చప్పుడైంది. ఆర్ట్ మంచుబండి మీద వచ్చాడు. మార్లీన్ పంపిన కుండెడు మాంసం పులుసు, పిల్లకి జ్వరం మందు, ఎవరింట్లోంచో పోగుచేసిన నాలుగు కప్పుల బియ్యం. ఆ చప్పటి పులుసులో దామోదర్ అల్లం వెల్లుల్లి, ధనియాల పొడి, రెండు చెంచాల కారం వేసి మళ్ళీ మరిగించాడు. ఆర్ట్ ఒక ముద్ద తిని, కళ్ళలో నీళ్ళు కారుతుండగా, "ఇంకా ఉందా?" అన్నాడు.

కట్టు విప్పిన మర్నాడు రేణు మళ్ళీ కొండకి పోలేదు. వెడల్పాటి మంచుచెప్పులు కట్టుకుని అడవిలో నడవడం నేర్చుకుంది. అది ఆమెకి నప్పింది. ఎవరితోనూ పోటీ లేదు, జారేది లేదు, ఆగి చూడాలనిపిస్తే ఆగొచ్చు.

మారింది దామోదరే. ఆర్ట్‌కి ఆ ఏడు కంటి ఆపరేషన్ అయితే, యంత్రం తోలడానికి మనిషి కావాల్సి వచ్చింది. "నువ్వే పక్కన కూర్చుని ఎక్కువసార్లు వచ్చావ్" అన్నాడు ఆర్ట్. దామోదర్ వారానికి మూడు రోజులు పొద్దున్నే నాలుగున్నరకి లేచి, ఇరవై మైళ్ళ దారి చదునుచేసి, తొమ్మిదికల్లా ఆఫీసు పనిలో కూర్చోవడం మొదలుపెట్టాడు. తర్వాతి చలికాలానికల్లా మంచులో ఎన్ని రకాలుంటాయో, ఏది ఏ చలికి గట్టిపడుతుందో తెలుసుకుని, భోజనాల దగ్గర చెప్పి చెప్పి తల్లీకూతుళ్ళ ప్రాణం తీసేవాడు.

2014 క్రిస్మస్ సెలవులకి భావన వాళ్ళు వచ్చారు. ఆర్నెల్లలో తిరిగొస్తారన్న మనిషి, ఏడాదిన్నర తర్వాత రెండు సూట్‌కేసుల నిండా కందిపొడి, చింతపండు, ఆవకాయ మోసుకొచ్చింది. దామోదర్ ఆమెని యంత్రం ఎక్కించి తిప్పాడు. దిగాక భావన రేణు చెవిలో అడిగింది.

"ఈయన్నేం చేశావే? మోరిస్‌విల్‌లో ఏసీ గట్టిగా పెడితే స్వెటర్ వేసుకునేవాడు కదా!"

"నేనేం చెయ్యలేదు. ఊరే ఏదో చేసింది."

ఆ వసంతంలో అప్పటిదాకా అద్దెకున్న ఇల్లే కొనేశారు. దేదీప్య స్కీయింగ్‌లో ఊరి పిల్లలతో సమానమైంది. ఆమె తెలుగు మాత్రం ఇంకా కాస్త పల్చబడింది. రేణుకి అదొక్కటే దిగులు. అందుకని ఆదివారాలు మంచుచెప్పులు కట్టుకుని తల్లీకూతుళ్ళు అడవిలోకి పోయేటప్పుడు ఇంగ్లిష్ మాట్లాడకూడదని నియమం పెట్టుకున్నారు. మొదట్లో ఇద్దరూ మూగవాళ్ళలా నడిచేవాళ్ళు. తర్వాత్తర్వాత దేదీప్య ఉడుతలని, గుడ్లగూబలని, బళ్ళో కొట్లాటలని తెలుగులోకి లాక్కొచ్చింది.

ఇంతా చేసి, మరుసటి ఫిబ్రవరిలో చలికి విసిగింది రేణే. ఒకరోజు సాయంత్రం క్లినిక్‌నుంచి వచ్చి, బూట్లలోంచి కాళ్ళు లాగుతూ అంది. "దామూ, ఒక్క వారం ఎక్కడైనా ఎండలోకి పోదాం. ఫ్లోరిడా బీచ్‌కి. టికెట్లు చూస్తావా?"

దామోదర్ ఆమెకేసి వింతగా చూశాడు. "ఫిబ్రవరిలోనా? స్కీ దారులు ఎవరు చదును చేస్తారు?"

చివరికి ఏప్రిల్‌లో వెళ్ళారు. కార్వర్‌లో బురదకాలం వచ్చి, సగం ఊరు సెలవు మీద పోయే రోజుల్లో. ఫ్లోరిడాలో రేణు రోజంతా గొడుగు కింద కాళ్ళు చాపుకుని పడుకుంది. దేదీప్య అలల్లోంచి బయటికి రాలేదు. దామోదర్ ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏదో చూస్తున్నాడు.

"ఆఫీసా?" అంది రేణు.

"మన ఊళ్ళో మెయిన్ స్ట్రీట్ కెమెరా. రాత్రి రెండంగుళాలు పడ్డట్టుంది" అన్నాడు, తల ఎత్తకుండా.

రేణు లేచి కూర్చుని, ఏదీ చూపించు అని ఫోన్ లాక్కుంది.